మాల్దీవుల పగడపు నీళ్ళలో ఏడు రోజులు

గత సంవత్సరం దసరా సెలవులకు నెల ముందు, జిద్దాలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఫోన్ చేసి, "భాయీజాన్, ఈసారి పిల్లలందరినీ తీసుకుని మాల్దీవులకు పోదాము. వారం రోజులు పడవలోనే ఉంటాము, సముద్రం లోపలికి కూడా దిగుతాము" అన్నాడు. అతడు ఎర్రసముద్రంలో స్కూబా నేర్చుకుని నాలుగేళ్ళయింది. మేమేమో కడప జిల్లా దిగుడుబావిలో నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చినవారము. ఆ బావి అడుగును కూడా ఎన్నడూ చూడలేదు.

మొదట మా మనసులోకి వచ్చినది ఖర్చు. ఇస్రాఫ్ గురించి ప్రతి ఏడాదీ విద్యార్థులకు పాఠం చెప్పేవారము, మేమే పడవలెక్కి తిరిగితే ఊరిలో ఏమనుకుంటారు? అయితే తమ్ముడు మా అమ్మకు హజ్ చేయించిన తరువాతే, జకాత్ లెక్క చూసుకున్న తరువాతే, అప్పు లేకుండా మూడేళ్ళు కూడబెట్టి ఈ మాట ఎత్తాడు. బంధుత్వం కలుపుకోవడానికి పెట్టిన ఖర్చును దుబారా అనడానికి మాకు నోరు రాలేదు. విమాన టికెట్లు మాత్రం మావి మేమే కొనుక్కుంటామన్నాము. మదరసాలో సెలవు అడిగినప్పుడు కారణం రాయవలసిన చోట 'కుటుంబ ప్రయాణం' అని రాశాము. 'స్కూబా' అని రాయడానికి చెయ్యి రాలేదు, నిజం చెప్పాలంటే.

రెండవ చింత వాతావరణానిది. మాల్దీవుల జనావాస ద్వీపాలలో మద్యం నిషిద్ధం. కానీ అనుమతి పొందిన రిసార్టులలోనూ, పర్యాటకుల సఫారీ పడవలలోనూ దొరుకుతుంది. ఇతరులతో కలిసి గది తీసుకుంటే డెక్కు మీద ఏమి జరుగుతుందో మన చేతిలో ఉండదు. అందుకని తమ్ముడు, జిద్దాలోని అతని సహోద్యోగులైన మూడు మలయాళీ ముస్లిం కుటుంబాలు కలిసి పడవ మొత్తాన్ని అద్దెకు తీసుకున్నారు. మద్యం ఎక్కించరాదనీ, ఆడపిల్లలకు నేర్పడానికి స్త్రీ శిక్షకురాలు ఉండాలనీ, నమాజుకు పై డెక్కు ఖాళీగా ఉంచాలనీ ముందే రాయించుకున్నారు. ఇలాంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు మా సలహా కూడా ఇదే. బయానా కట్టకముందే అడగండి, నోటి మాటతో వదలకుండా రాతలో తీసుకోండి. పడవ ఎక్కిన తరువాత మొహమాటం తప్ప మరేమీ మిగలదు.

కొచ్చి మీదుగా మాలే చేరాము. విమానాశ్రయమే ఒక ద్వీపం. బయటకు రాగానే బస్సులు నిలబడవలసిన చోట పడవలు నిలబడి ఉన్నాయి. దాదాపు పన్నెండు వందల పగడపు ద్వీపాల దేశం అది. వాటిలో జనం నివసించేవి సుమారు రెండు వందలు మాత్రమే. నేల చాలా చోట్ల సముద్రమట్టానికి నిలువెత్తు కూడా ఉండదు. మేము ఎక్కినది పెద్ద పడవ. పడక గదులు, వంటిల్లు అందులో ఉంటాయి. దాని వెంటే 'ధోనీ' అనే మరో చిన్న పడవ వస్తుంది. గాలి సిలిండర్లు, వాటిని నింపే కంప్రెసర్ ఆ ధోనీలో ఉంటాయి. నీళ్ళలోకి దిగడం, పైకి రావడం అంతా దాని మీదుగానే.

ఇక అసలు విషయానికి వస్తాము.

మొదటి రోజు మధ్యాహ్నం శిక్షకురాలు అందరికీ ఒక్కొక్క ఆరోగ్య పత్రం ఇచ్చింది. ఆమె మాల్దీవుల అమ్మాయి, తలకు హిజాబ్, మాట తక్కువ. పత్రంలో ప్రశ్నల వరుస: గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, రక్తపోటు మందులు, ఉబ్బసం. మేము రక్తపోటు మాత్ర వేసుకుంటాము గనుక 'ఉన్నది' అని గుర్తు పెట్టాము. నీళ్ళలోకి దిగే ఉద్దేశం మాకు ఎలాగూ లేదు, అందువల్ల ఆ నిజాయితీకి మాకేమీ ఖర్చు కాలేదు. చిక్కు తమ్ముడి కొడుకు దగ్గర వచ్చింది. వాడికి పన్నెండేళ్ళు. ఈ ప్రయాణం కోసం ఏడాదిగా రోజులు లెక్కపెడుతున్నాడు. గోడ మీద చేపల బొమ్మలు అంటించుకుని పేర్లు వల్లించినవాడు. చిన్నతనంలో వాడికి దమ్ము వచ్చేది. రాత్రిపూట లేపి నెబ్యులైజర్ పెట్టవలసి వచ్చేది. నాలుగేళ్ళుగా ఆ బాధ కనబడలేదు.

తమ్ముడు పత్రం పట్టుకుని మా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, "భాయీజాన్, ఇప్పుడు వీడికి ఏమీ లేదు కదా. 'లేదు' అని రాస్తే అబద్ధమవుతుందా?" అని అడిగాడు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. వెంటనే 'అవుతుంది' అని అనలేదు. ఎదురుగా ఆ పిల్లవాడు నిలబడి మా నోటి వంక చూస్తున్నాడు. మా మెదడు కితాబులలో వెదకడం మొదలుపెట్టింది. తౌరియా అని ఒకటి ఉంది. చెప్పేవాడు ఒక అర్థంలో నిజమే అన్నట్టుగా, వినేవాడు మరో అర్థంలో తీసుకునేట్టుగా మాట్లాడడం. 'ఇప్పుడు లేదు' అన్న అర్థంలో 'లేదు' అనవచ్చునేమో అని లోలోపల ఆలోచించాము. ముప్పై ఏళ్ళుగా చదివిన చదువు ఆ క్షణంలో మాకు దారి చూపకుండా సందు వెదికిపెట్టింది. 'నీ కొడుకు సంగతి నీకే బాగా తెలుసు' అన్నాము. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

పక్కనే కూర్చున్న మా అమ్మాయి, పదహారేళ్ళది, ఆ కాగితం అందుకుని ప్రశ్నను పైకి చదివింది. "అబ్బా, ఇందులో 'ఇప్పుడు ఉందా' అని లేదు. 'ఎప్పుడైనా ఉండేదా' అని ఉంది" అన్నది. అంతే, మరొక మాట అనలేదు. తమ్ముడు కలం తీసి 'ఉండేది' అని గుర్తు పెట్టాడు.

శిక్షకురాలు పత్రం చూసి పిల్లవాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక బెలూను ఊది చూపించింది. నీటిలో పది మీటర్ల లోతుకు వెళ్ళేసరికి మన మీద ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు అవుతుంది. అక్కడ పీల్చిన గాలి ఊపిరితిత్తులలో నిలిచిపోయి మనిషి పైకి వస్తే, ఉపరితలం చేరేటప్పటికి అది రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుకే స్కూబాలో మొట్టమొదటి నియమం ఊపిరి బిగబట్టరాదు, ఎల్లవేళలా పీలుస్తూ వదులుతూ ఉండాలి. ఉబ్బసం ఉన్నవారికి లోపలి సన్నని గొట్టాలు ఒక్కసారిగా బిగుసుకుంటే గాలి బయటకు రాదు. మనిషి బిగబట్టకపోయినా ఊపిరితిత్తి బిగబట్టినట్టే. అది చిరిగితే ప్రాణానికే ముప్పు. పైగా సిలిండరు గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. అటువంటి గాలే కొందరిలో ఆ బిగువును తెస్తుంది. "ఊపిరితిత్తుల వైద్యుడు పరీక్ష చేసి రాసి ఇస్తే దింపుతాను. ఈ పడవలో మాత్రం దింపను" అని చెప్పింది.

పిల్లవాడు ఏడవలేదు. లేచి వెళ్ళి పడవ ముందు భాగంలో తాళ్ళ మీద కూర్చున్నాడు. మేము వెళ్ళి పక్కన కూర్చుంటే, "బడే అబ్బా, మీరు చెప్పనివ్వకపోయినా బాగుండేది, చెప్పించినా బాగుండేది. మీరు ఏమీ చెప్పలేదు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ మమ్మల్ని అంత సూటిగా పట్టుకోలేదు.

పడవ మీది నమాజుల గురించి పాఠకులు అడుగుతారని తెలుసు. మేము మా ఊరి నుండి షరయీ దూరాన్ని ఎప్పుడో దాటాము, పదిహేను రోజులు ఒకచోట నిలిచే ఉద్దేశం లేదు. కనుక నాలుగు రకఅతుల ఫర్జ్‌లను రెండుగా చేసుకున్నాము. పడవలో నిలబడగలిగినవారు నిలబడే చేయాలి. కదిలే పడవలో కూర్చుని చేయవచ్చునని ఇమామ్ అబూ హనీఫా అన్నా, ఆయన శిష్యులిద్దరూ కారణం లేనిదే కూర్చోరాదన్నారు. మేము మొదటి రాత్రి నిలబడ్డాము. రెండవ రాత్రి ద్వీపమాలికల నడుమనున్న కాలువ దాటుతుండగా అలలు లేచి, మా ఇల్లాలికి తల తిరిగి, కూర్చునే చేసుకున్నది. అల్లాహ్ దయ విశాలమైనది.

ఖిబ్లా మరో ముచ్చట. అక్కడి నుండి ఖిబ్లా పడమటికి కొంచెం ఉత్తరంగా ఉంటుంది. లంగరు వేసిన పడవ కూడా నిలకడగా ఉండదు, గాలికీ నీటి వాలుకూ మెల్లగా తిరుగుతూ ఉంటుంది. అసర్ మొదటి రకఅతులో ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్ల ద్వీపం రెండవ రకఅతుకు మా ఎడమ భుజం వైపు జరిగిపోయింది. పడవ తిరిగితే నమాజులోనే మనమూ ఖిబ్లా వైపు తిరగాలన్నది నిబంధన. ఎన్నో సార్లు చదివించిన మస్‌అలా, చేసి చూడడం అదే మొదటిసారి. ఇంజను, ఇనుము దగ్గర ఫోనులోని దిక్సూచిని నమ్మకండి. సుక్కాని పట్టే ఆయనను అడిగితే సరిగా చెబుతాడు.

ఫజ్ర్‌కు ఆయనే ఇమామతు చేశారు. మాల్దీవులవారు షాఫయీలు. రెండవ రకఅతు రుకూ తరువాత ఆయన ఖునూత్ చదువుతుంటే మలయాళీ సోదరులు చేతులెత్తి ఆమీన్ అన్నారు. మేము హనఫీలము చేతులు వదిలి మౌనంగా నిలబడ్డాము. బంగ్లాదేశ్ వంటవాడు కూడా మా వరుసలోనే మౌనంగా నిలబడ్డాడు. సలాము తరువాత ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అదే వంటవాడు ఒక సాయంత్రం రొయ్యలంత మీసాలున్న పెద్ద లాబ్‌స్టర్లు వండి తెచ్చాడు. మలయాళీ కుటుంబాలు తిన్నాయి. మా మజ్హబులో సముద్ర జీవులలో చేప మాత్రమే హలాల్ గనుక మేము ట్యూనా చేపతో సరిపెట్టుకున్నాము. సరిపెట్టుకోవడమన్న మాట కూడా న్యాయం కాదు. అక్కడ ట్యూనాను వలవేసి కాదు, ఒక్కొక్క చేపనూ గాలపు కర్రతో పడతారు. తెల్లవారి ఆ చేపను కొబ్బరి, ఉల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి 'మస్ హునీ' అని పెడతారు, పక్కన రొట్టె. మా రాయలసీమ నాలుకకు కారం ఒక్కటే తక్కువ.

వుజూకు మంచినీళ్ళు పొదుపుగా వాడమన్నారు. సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అని సహాబాలు అడిగినప్పుడు దైవప్రవక్త (స) అనుమతించిన సంగతి హదీసు గ్రంథాలలో ఉన్నది. కనుక మేము బకెట్టుకు తాడు కట్టి సముద్రాన్నే తోడుకున్నాము. నీళ్ళలో దిగేవారు తొడుక్కునే రబ్బరు దుస్తులు మాత్రం నీటిని ఒంటికి పూర్తిగా తగలనివ్వవు. అవి తీసిన తరువాతే వుజూ.

మంగళవారం ఉదయం మా అమ్మాయి వంతు వచ్చింది. కొత్తవారిని శిక్షకులు పక్కనే ఉండి, పన్నెండు మీటర్లకు మించకుండా దింపుతారు. రెండు రోజులు నిస్సారమైన మడుగులో మాస్కులోకి నీళ్ళు వస్తే ముక్కుతో ఊది తీయడం, నోటిలోని రెగ్యులేటరు జారితే వెదికి పట్టుకోవడం నేర్పారు. దుస్తుల విషయంలో తల్లీకూతుళ్ళు ఇంటి దగ్గరే ఆలోచించి, రబ్బరు దుస్తుల మీద తొడుక్కోవడానికి మోకాళ్ళ దాకా వచ్చే నల్లని కుర్తా కుట్టించారు. శిక్షకురాలు చూసి, వదులు మరీ ఎక్కువైతే గొట్టాలకు చిక్కుకుంటుందని, నడుము దగ్గర బెల్టు బిగించింది. తలకు టోపీ వంటి తొడుగు, దాని మీద ఎర్రని గుడ్డ. ఎర్రది ఎందుకంటే దూరానికి కనబడుతుందని తల్లి పట్టుబట్టింది.

ధోనీ అంచున కూర్చుని వెనక్కి ఒరిగి నీళ్ళలో పడింది. ఒక నిమిషం తల కనబడింది. బొటనవేలు కిందికి చూపింది. స్కూబా భాషలో అది 'దిగుతున్నాము' అన్న సైగ. తరువాత బుడగలు.

మేము కూతురికి నడక నేర్పాము, ఖుర్ఆన్ నేర్పాము, రోడ్డు దాటడం నేర్పాము. ఆ బుడగల దగ్గర మాత్రం మాకు చేయడానికి ఏ పనీ లేదు. ఆయతుల్ కుర్సీ ఎన్ని సార్లు చదివామో లెక్క లేదు. తమ్ముడి కొడుకు చేతి గడియారం చూస్తూ, "పన్నెండు నిమిషాలు, బడే అబ్బా. బుడగలు రెండు వరుసలు వస్తున్నాయి, అంటే ఇద్దరూ పీలుస్తున్నారు" అని మాకు ధైర్యం చెప్పాడు. తను దిగలేని నీటి మీద వంగి, తన అక్క ఊపిరిని మాకు లెక్కపెట్టి వినిపించాడు. ఒకచోట బుడగలు ఆగినట్టయి మా గుండె ఆగింది. "నీటి వాలు, అటు పోయారు" అని పడవవాడు చెయ్యి చూపించాడు. ముప్పై ఒకటవ నిమిషంలో బుడగలు ఒకేచోట నిలిచాయి. "ఇప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతారు. లోతులో ఒంటికి పట్టిన నైట్రోజన్ మెల్లగా పోవాలి" అన్నాడు పిల్లవాడు. పుస్తకమంతా వాడికి నోటికి వచ్చు.

పైకి వచ్చి రెగ్యులేటరు తీసి అమ్మాయి మొదట అన్న మాట: "అమ్మీ, నా గుడ్డ ఎరుపు పోయింది!" పోలేదు, నెత్తి మీదే ఉన్నది. నీరు సూర్యకాంతిలోని ఎరుపును అన్నిటికంటే ముందు మింగేస్తుంది. కొన్ని మీటర్లు దిగేసరికే ఎర్రనిది బూడిదరంగుగా కనబడుతుంది. టార్చి వేస్తే మళ్ళీ ఎరుపు. ఆ సాయంత్రం ఒక మలయాళీ సోదరుడు నూర్ సూరాలోని లోతైన సముద్రపు చీకట్ల ఉపమానాన్ని ఎత్తి, ఇది సైన్సు రుజువు అన్నాడు. మేము మెల్లగా విభేదించాము. ఆ ఆయతు సత్యతిరస్కారుల కర్మలు ఎటువంటివో చెప్పడానికి వచ్చిన ఉపమానం. అల్లాహ్ వాక్కుకు రంగుగుడ్డ సాక్ష్యం అక్కరలేదు. కానీ చీకటి మీద చీకటి పేరుకోవడమంటే ఏమిటో ఆ రోజు మా అమ్మాయికి ఒంటితో తెలిసింది, అది చిన్న విషయం కాదు.

ఆమె చూసినవాటిలో అందమే కాదు, తెల్లగా పాలిపోయిన పగడాలు కూడా ఉన్నాయి. పగడం రాయి కాదు, ప్రాణి. నీరు మరీ వేడెక్కితే తనలో ఆశ్రయమిచ్చిన సూక్ష్మ శైవలాలను బయటకు నెట్టి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే చనిపోతుంది. 1998లో మాల్దీవుల నిస్సార జలాలలోని పగడాలలో అధిక భాగం అలాగే పోయింది. కోలుకుంటుండగా 2016లో మళ్ళీ దెబ్బ తగిలింది. ఆ ద్వీపాల ఇసుక పగడాల పొడే, అలల నుండి కాపాడే గోడ పగడాలే. చేతితో తాకవద్దు, కాలితో తన్నవద్దు అని శిక్షకురాలు రోజుకు పదిసార్లు చెప్పడం ఊరికే కాదు.

బుధవారం బా ద్వీపమాలికకు చేరాము. అక్కడ హనిఫారు అనే చిన్న అఖాతం ఉంది. 2011లో యునెస్కో గుర్తించిన జీవావరణ ప్రాంతంలోనిది. నైరుతి ఋతుపవనాల నెలలలో ప్రవాహమూ పోటూ కలిసి సూక్ష్మజీవులను ఆ అఖాతంలోకి తోస్తాయి. వాటిని తినడానికి మాంటా చేపలు గుంపులుగా వస్తాయి. అక్కడి నిబంధన విన్నప్పుడు మేమూ తమ్ముడి కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. హనిఫారులో స్కూబా నిషిద్ధం. బుడగలు మాంటాలను బెదరగొడతాయట. ఎవరైనా సరే, మాస్కూ ఊపిరి గొట్టమూ పెట్టుకుని పైపైన తేలవలసిందే, అదీ నలభై అయిదు నిమిషాలే.

శిక్షకురాలు పిల్లవాడికి లైఫ్ జాకెట్ తొడిగి, ఇన్‌హేలరు ధోనీలో తల్లి చేతికిచ్చి, వాడి చెయ్యి తన చేతిలో పట్టుకుంది. మాకూ ఒక జాకెట్ తగిలించారు. దిగుడుబావి ఈత ఆ రోజు పనికి వచ్చింది. ముఖం నీటిలో పెట్టగానే మొదట ఆకుపచ్చని మసక. తరువాత ఆ మసకలో నుండి ఒక తెల్లని నోరు, మా ఇంటి గుమ్మమంత వెడల్పు, తెరుచుకుని మా వైపే వచ్చింది. కలిమా నాలుక మీదికి వచ్చింది, కానీ నోటిలో గొట్టం ఉన్నది. అది మాకు బారెడు కిందనుండి రెక్కలు వంచి, బోర్లా తిరిగి, కడుపు చూపించి పోయింది. ఆ కడుపు మీది మచ్చలు మనిషి వేలిముద్రల వంటివట, ఒకదానివి మరొకదానికి ఉండవు. ముల్లు లేదు, కాటు లేదు. మరొకటి, దాని వెనుక మరో మూడు, ఒకదాని తోక వెంట ఒకటి. ధోనీ మీద ఉన్న మా ఇల్లాలికి నీటి పైకి లేచిన రెక్కల కొనలు మాత్రమే కనబడ్డాయి. ఇప్పటికీ ఆమె 'నేనూ చూశాను' అనే అంటుంది.

పిల్లవాడు పైకి వచ్చి గొట్టం తీసి, "పదకొండు" అన్నాడు. మేము లెక్కపెట్టలేదు.

చివరి రోజుకు ముందే డైవింగ్ ఆపేశారు. ఒంటిలో మిగిలిన నైట్రోజన్‌తో విమానం ఎక్కరాదు గనుక ఒక పగలూ ఒక రాత్రీ నేల మీద గడపాలి. అది జుమా రోజు కావడం మాకు లాభించింది. ముసాఫిరు మీద జుమా ఫర్జ్ కాదు, అయినా మాలేలోని పెద్ద జుమా మసీదులో నమాజు చేసుకున్నాము. తరువాత 1658లో సుల్తాన్ ఇబ్రాహీం ఇస్కందర్ కట్టించిన పాత మసీదు, హుకురు మిస్కీ, ఆవరణలో చాలాసేపు నిలబడ్డాము. గోడలన్నీ పగడపు రాళ్ళే. సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి గుచ్చి, వాటి మీద అక్షరాలు చెక్కారు. కట్టడం సూటిగా పడమటికి ఉంది, ఖిబ్లా మాత్రం కొంచెం ఉత్తరానికి. అందుకని లోపల సఫ్‌లు గదికి ఏటవాలుగా, మూలకు అభిముఖంగా వేస్తారు. 1343లో ఈ దీవులకు వచ్చి ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా ఈ కట్టడాన్ని చూడలేదు, అది ఆయన తరువాతిది. ఆయన స్త్రీల దుస్తుల విషయంలో ఖాజీ హోదాతో ఎంత గట్టిగా చెప్పినా తన మాట చెల్లలేదని తనే రాసుకున్నాడు. అది మా అమ్మాయికి చెబితే, "ఆయన వాళ్ళకు కుర్తా కుట్టించి ఉండవలసింది, అబ్బా" అన్నది.

హైదరాబాదు చేరిన పది రోజులకు తమ్ముడి కొడుకును ఊపిరితిత్తుల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళారు. గొట్టంలోకి ఊదించి, కొంత పరుగెత్తించి మళ్ళీ ఊదించారు. పరుగు తరువాతి అంకె తగ్గింది. అంటే దమ్ము పూర్తిగా పోలేదు, దాగి ఉన్నది. మందు మొదలుపెట్టి ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. వాడు ఆ కాగితాన్ని ఫొటో తీసి మాకు పంపాడు. కింద, "బడే అబ్బా, ఈసారి మీరు కూడా బీపీ తగ్గించుకోండి" అని రాశాడు. ఫజ్ర్ తరువాత మేము ఇప్పుడు చెరువు కట్ట దాకా నడుస్తున్నాము.